కాలవగట్టు మీద ఎర్రదారి

కండలేరు జలాశయం దగ్గర బయలుదేరిన తెలుగుగంగ కాలవ తమిళనాడు సరిహద్దు చేరేసరికి 152 కిలోమీటర్లు నడుస్తుంది. అక్కణ్నుంచి పూండి చెరువుకు మరో 25. ఈ కాలవ గట్టు వెంబడే మట్టిదారి కూడా సాగుతుంది. కాలవ బాగోగులు చూసే నీటిపారుదల శాఖ జీపుల కోసం ఏర్పడిన దారి అది. కొన్నిచోట్ల గ్రావెల్ పరిచి రోలరు తొక్కించడంతో గట్టిగా ఉంటుంది. కొన్నిచోట్ల గులకరాళ్లు పైకి తేలి ఉంటాయి. ఇంకొన్నిచోట్ల రెండు చక్రాల జాడలు, మధ్యలో మోకాలెత్తు గడ్డి. బస్సు తిరగదు, లారీ అరుదు. కాలవ కాపలా చూసే లష్కరు మోటారుసైకిలు, మేకల మందలు, నెత్తిన పచ్చగడ్డి మోపుతో వచ్చే ఆడవాళ్లు, ఆ దారి రాకపోకలన్నీ ఇవే. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పొలాలో చిట్టడివో కొండపాదమో. సైకిలు తొక్కేవాళ్లకు చెన్నైకి ఇంత దగ్గరలో ఇంతకంటే మంచి మట్టిదారి నాకు తెలియదు.

నేను వాషర్‌మెన్‌పేట్‌లో, ఎం.సి. రోడ్డు బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. ఆదివారాలు మాకు ఊపిరాడని రద్దీ. సెలవు మంగళవారం. అందుకే నేను చెప్పబోయే దారులన్నీ మంగళవారం చూసిన దారులు. వారాంతంలో చెన్నై కార్లు వచ్చి పడనప్పుడు, ఊళ్లు తమ పనిలో తాము ఉన్నప్పుడు చూసినవి. కోతలు కోసే రోజు ఊరు ఎలా ఉంటుందో, పాలబండి ఏ వేళకు వస్తుందో, బడిపిల్లలు ఏ గట్టు మీదుగా నడిచిపోతారో మంగళవారమే తెలుస్తుంది.

కాలవ సంగతి నాకు తెలిసింది 2019 వేసవిలో. ఆ ఏడు పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగు చెరువులూ దాదాపు ఎండిపోయాయి. జోలార్‌పేట నుంచి రైలు ట్యాంకర్లలో చెన్నైకి నీళ్లు తెచ్చారు. మా సందులో రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు వరసపెట్టి లారీ కోసం కూర్చునేవాళ్లం. ఆ వరసలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ సత్యవేడు ఆడపడుచు. ఒకరాత్రి ఆవిడ అంది: "మా ఊరి పక్కనే పోతుండాది గదమ్మా కాలవ, మన మద్రాసుకి. దాన్లో నీళ్లు కదిల్తే ఈడ బిందె నిండతాది." పుట్టినప్పట్నుంచీ ఈ పేటలో ఉంటున్నాను, నీళ్లు ఏ దారిన వస్తాయో ఎన్నడూ అడగలేదు. ఆ కాలవను కళ్లారా చూడాలనిపించింది.

చూడబోయే ముందు చదివాను. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ వాటా కృష్ణాజలాల్లోంచి తలా అయిదు టీఎంసీలు మద్రాసు దాహానికి ఇస్తామని ఒప్పుకున్నాయి. ఆవిరై, ఇంకిపోగా చేరాల్సినవి 12 టీఎంసీలు. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు రెండు రాష్ట్రాల మధ్య ఒడంబడిక కుదిరింది. శ్రీశైలంలో ఎత్తుకున్న నీళ్లు పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు దాటి పూండికి రావాలి. మొదటిసారి సరిహద్దు దాటింది 1996లో. అప్పటి కాలవ గట్లు కారిపోయి, నీళ్లు దారిలోనే ఇంకిపోయేవి. పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు తన ఖర్చుతో కండలేరు-పూండి కాలవను బాగుచేయించింది. 2004లో ఆ పని పూర్తయింది. ఇప్పటికీ ఆ పల్లెల్లో ముసలివాళ్లు దాన్ని సాయిగంగ అనే అంటారు. మా ఉత్తర చెన్నైకి 2010 నుంచి మింజూరు దగ్గర సముద్రపు నీళ్లలో ఉప్పు తీసే ప్లాంటు కూడా తోడయింది. కొళాయిలో పడేది అన్నీ కలిసిన నీళ్లే. కానీ కృష్ణ నీళ్లు పూండికి వచ్చిన ఏడు వేరు, రాని ఏడు వేరు. మా సందులో ఆడవాళ్లకు ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక సైకిలు సంగతి. గ్రావెల్ సైకిలు చూడ్డానికి పందెం సైకిలు లాగే ఉంటుంది, కిందికి వంగిన హ్యాండిలు, తేలికైన చట్రం. తేడా అంతా చక్రాల్లో. పందెం సైకిలు టైరు 25, 28 మిల్లీమీటర్ల వెడల్పుంటే దీనిది 38 నుంచి 45. గాలి తక్కువ పెడతాం. నా బరువుకు 35 పీఎస్ఐ చాలు. వెడల్పు టైరు, తక్కువ గాలి కలిసి రాళ్ల మీద అదురును మింగేస్తాయి, వదులు మట్టిలో చక్రం పక్కకు జారకుండా పట్టుకుంటాయి. డిస్కు బ్రేకులు బురదలో కూడా పనిచేస్తాయి. ఎక్కుడు దారికి చిన్న గేర్లుంటాయి. కొండసైకిలుకున్న స్ప్రింగులు, బరువు దీనికి ఉండవు కాబట్టి తారురోడ్డు మీదా చురుగ్గా పోతుంది. మన దేశంలో దీన్ని కొత్త వస్తువంటున్నారు కానీ, మట్టిదారిలో సైకిలు తొక్కడం మనకు కొత్త కాదు. చెన్నై అంబత్తూరులో టీఐ కంపెనీ 1949లో మొదలై హెర్క్యులస్ సైకిళ్లు చేసింది. పాలక్యాన్లు, చేపల బుట్టలు, గడ్డిమోపులు మోస్తూ ఆ నల్లసైకిలు తిరగని గట్టు లేదు. గ్రావెల్ సైకిలు దానికి బాగా చదువుకున్న మనవరాలు.

ఈ తొక్కుడు ఒక క్రీడగా పేరుపడింది అమెరికాలో. కాన్సస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే చిన్న ఊళ్లో 2006లో మొదలైన పందెం ఫ్లింట్ హిల్స్ గడ్డికొండల మధ్య 200 మైళ్లు, అంటే 320 కిలోమీటర్లు, కంకరదారుల మీద సాగుతుంది. అక్కడి చెకుముకిరాయి టైర్లను కోసేస్తుంది. 2022లో ప్రపంచ సైక్లింగ్ సంఘం ఇటలీలో మొదటి ప్రపంచ పోటీ పెట్టింది. స్కాట్లాండ్‌లో గాలోవే అడవి చుట్టూ చెరువులు, చెట్లులేని చిత్తడి కొండలు, కలప లారీల కోసం వేసిన కంకరదారులు ఉన్నాయి. అక్కడా 2023 నుంచి పెద్ద పందెం జరుగుతోంది. పందెం మాటెలా ఉన్నా, ఆ దేశంలో నాకు నచ్చింది వాళ్ల చట్టం. 2003లో చేసిన భూసంస్కరణ చట్టం ప్రకారం పంటకూ పశువుకూ ఇంటివాళ్లకూ ఇబ్బంది కలిగించకుండా ఎవరైనా ఎవరి భూమి మీదుగానైనా నడవొచ్చు, సైకిలు తొక్కొచ్చు. మనకు అలాంటి హక్కు లేదు. గట్టు నీటిపారుదల శాఖది, అడవి అటవీశాఖది, పులికాట్ సరస్సు పక్షుల అభయారణ్యం. కాబట్టి ఇక్కడ అడిగి పోవడమే పద్ధతి. కాలవ మీద లష్కరు కనబడితే ఆగి, ఎవరు, ఎక్కడికి అని చెప్పుకోవాలి. వద్దంటే దిగిపోయి ఊరిదారి పట్టాలి. సైకిలు అయ్యేసరికి చాలామంది పొమ్మంటారు. మోటారుబండి అయితే పంపరు. అది మంచి పనే.

వాషర్‌మెన్‌పేట్ నుంచి ఉత్తరానికి సైకిలు తొక్కుకుంటూ బయటపడదామని మాత్రం అనుకోవద్దు. తిరువొత్తియూరు, ఎన్నూరు దారంతా రేవుకు పోయే కంటెయినర్ లారీలు, బొగ్గు, బూడిద. మనలాంటివాళ్లకు రైలుంది. వాషర్‌మెన్‌పేట్ సబర్బన్ స్టేషన్ గుమ్మిడిపూండి లైను మీదే ఉంది. తెల్లవారుజామున ఉత్తరంగా పోయే బండ్లు ఖాళీగా ఉంటాయి. సైకిలుకు లగేజీ టికెట్టు అడిగి తీసుకోవాలి. ముందుచక్రం విప్పి, వెండార్ల పెట్టెలో ఓ మూల నిలబెట్టుకోవాలి. చేపల గంపలవాళ్లూ పూలబుట్టలవాళ్లూ దిగే తలుపుకు అడ్డం రాకుండా చూసుకుంటే వాళ్లే సర్దుకుని చోటిస్తారు. పొన్నేరి, కవరైపేట, గుమ్మిడిపూండి, ఆరంబాక్కం, తడ, సూళ్లూరుపేట, ఈ స్టేషన్లలో ఎక్కడ దిగినా ఒక దారి మొదలవుతుంది.

కాలవకు నేను కవరైపేటలో దిగుతాను. అక్కడినుంచి సత్యవేడు రోడ్డు పడమరగా పోతుంది. దారిలో కొంచెం పక్కకు మళ్లితే తేర్వాయ్ కండిగ, కన్నన్‌కోట చెరువులను కలిపి కట్టిన కొత్త జలాశయం ఉంది. చెన్నై నీళ్ల కోసం 2020లో తెరిచారు. అరటీఎంసీ పడుతుంది. సత్యవేడు చేరేలోపే భాష మారిపోతుంది. అసలు మారుతుందనడం కంటే కలిసిపోతుందనాలి. తమిళనాడు వైపు పల్లెల్లోనూ తెలుగు వినిపిస్తుంది, ఆంధ్ర వైపు పల్లెల్లోనూ తమిళం నడుస్తుంది. టీ అంగడిలో ఒకే బల్ల మీద రెండు భాషల పేపర్లు. "ఏం మ్మా, ఒంటిగా యాడికి పోతుండావు?" అని మొదట అడుగుతారు. కాలవమీద ఊత్తుకోటకు అంటే "ఎండ ముదరక ముందే పో తల్లీ" అని రెండో మాట. మూడో మాట సైకిలు ఖరీదు.

సత్యవేడు దగ్గర గట్టెక్కి దక్షిణంగా తిరిగితే ఊత్తుకోట దగ్గర జీరో పాయింట్ దాకా నీళ్లతో పాటే పోవచ్చు. జీరో పాయింట్ అంటే ఆంధ్ర లెక్క ఆగి తమిళనాడు లెక్క మొదలయ్యే చోటు. ఎన్ని క్యూసెక్కులు వచ్చాయో అక్కడే కొలుస్తారు, పేపర్లో వచ్చే అంకె అక్కడిదే. లెక్కలు రాసే మనిషిని కాబట్టి ఆ కొలబద్ద ముందు నిలబడితే నాకు వేరే గౌరవం కలుగుతుంది. నీళ్లు నిండుగా పారే రోజుల్లో కాలవ చప్పుడు చేయదు. కాంక్రీటు పరిచిన నున్నటి వాలు కావడంతో ఏటికుండే గలగల దీనికి లేదు. అందుకే ప్రమాదం కూడా. ఆ వాలు మీద పాచి పడుతుంది, కాలు జారితే పట్టుకోవడానికి గడ్డిపోచ ఉండదు. మొహం కడుక్కోవడానికైనా దిగకూడదు. ఊరివాళ్లు మెట్లు కట్టుకున్న చోట్లుంటాయి, అక్కడ ఆగితే చాలు.

అక్కడక్కడా గట్టు మీద డీజిలు ఇంజిన్లు కనిపిస్తాయి. కాలవలోకి పైపు దించి పొలానికి నీళ్లు తోడుకుంటారు. పేపర్లు దాన్ని నీటిచౌర్యం అని రాస్తాయి. ఇంజిను పక్కన కూర్చున్న ఓ రైతును అడిగాను, ఏం పంటన్నా అని. వేరుశనగ అన్నాడు. కాలవ తవ్వినప్పుడు వాళ్ల నాన్న మూడెకరాలిచ్చాడట. "మా భూములమీంద పోయే నీళ్లు, మా చేలు ఎండతా ఉంటే చూస్తా ఎట్ల కూచునేదిమ్మా?" అన్నాడు. నేను బిందె పెట్టుకుని రాత్రంతా కూర్చున్న మనిషిని. అయినా ఆ ఇంజిను చప్పుడు మీద నాకు కోపం రాలేదు. భూమి ఇచ్చిన ఊళ్లకు వాళ్ల అవసరం మేరకు కొంత వాటా రాసి ఇవ్వాల్సిందే. దొంగతనం అనే మాట వాళ్ల మీద వేసి ఊరుకోవడం న్యాయం కాదు. మద్రాసు తాగే ప్రతి గుక్క వెనకా ఇలాంటి మూడెకరాలున్నాయి. కారులో పోతే ఈ మాటలు వినబడవు. గట్టు మీద గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో పోయేవాళ్లకే ఆగి అడిగే తీరిక ఉంటుంది.

ఊత్తుకోటకు అతి దగ్గరలో, ఆరణి ఏటి ఒడ్డున సురుటుపల్లి. శివుడు పడుకుని ఉన్న రూపంలో, అమ్మవారి ఒడిలో తల పెట్టుకుని కనిపించే పళ్లికొండేశ్వరుడి గుడి. హాలాహలం తాగి సొమ్మసిల్లాడని స్థలపురాణం. ఇక్కణ్నుంచి ఏటి వెంట పైకి, వాయవ్యంగా పోతే నాగలాపురం. శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరున కట్టించాడని చెప్పే ఊరు, మత్స్యావతారంలో ఉన్న వేదనారాయణస్వామి గుడి. ఏటా మార్చి నెలలో మూడురోజులు సాయంత్రపు ఎండ నేరుగా గర్భగుడిలో స్వామి మీద పడుతుంది. ఆ రోజుల్లో మాత్రం సైకిలు మోసుకుపోదామన్నా ఊళ్లో చోటుండదు. ఇంకా పోతే పిచ్చాటూరు దగ్గర ఆరణియార్ జలాశయం, దాని కట్టమీదుగా వీచే గాలి. ఇదే ఏరు కిందికి ఊత్తుకోట, పొన్నేరి దాటి పులికాట్‌లో కలుస్తుంది. పొద్దున పిచ్చాటూరు కట్ట మీద మొదలుపెట్టి ఏటి పక్క పల్లెదారులు పట్టుకుని పొన్నేరి రైలుకు దిగిరావడం బలమైనవాళ్లకు ఒకరోజు పని. నేను రెండు ముక్కలుగా చేశాను.

నాగలాపురం కొండలు, ఉబ్బలమడుగు జలపాతం చెన్నై కుర్రకారుకు బాగా తెలిసిన చోట్లే. తడ ఫాల్స్ అంటే ఉబ్బలమడుగే. చెన్నై ట్రెక్కింగ్ క్లబ్ వాళ్లు ఈ కొండల మడుగులన్నీ కాలినడకన వెతికి ఊరికి పరిచయం చేశారు. నా సలహా ఏమిటంటే ఇక్కడ సైకిలు అటవీశాఖ గేటు దాకానే. అడవి లోపలి దారి రాళ్లవంక, దానికి కాళ్లే తగినవి. పైగా ఎర్రచందనం దొంగల వల్ల అడవిలో అపరిచితుల్ని అనుమానంగా చూస్తారు. గేటు దగ్గర చీటీ తీసుకుని లోపలికి పోవాలి. మడుగుల్లో ఈత కొట్టొద్దని రాసిన బోర్డును నమ్మండి. ఆ నీళ్లు పైకి కనిపించేంత లోతు తక్కువగా ఉండవు. వరదయ్యపాళెం నుంచి ఈ కొండల పాదాన పోయే మట్టిదారి మాత్రం నాకు చాలా ఇష్టం. కలివిపొదలు, బలుసు, ఊడుగ, మధ్యమధ్య మామిడితోటలు, జామాయిల్ వరసలు. తెల్లవారుజామున నెమళ్ల అరుపులు వింటూ పోవచ్చు.

పూండి దారి వేరే రకం. కొసస్థలై నదికి అడ్డంగా 1944లో కట్టిన ఈ జలాశయానికి మద్రాసు మేయరుగా పనిచేసిన సత్యమూర్తి పేరు పెట్టారు. తెలుగుగంగ నీళ్లు చివరికి చేరేది ఇక్కడికే. ఇక్కణ్నుంచి రెడ్‌హిల్స్‌కు, అక్కడ శుద్ధై మా పేటకు. పూండి నుంచి ఉత్తరంగా అల్లికులి కొండల వైపు తిరిగితే నేలంతా నున్నటి గులకరాళ్లు. కోట్ల ఏళ్ల కిందట నీళ్లు దొర్లించి తెచ్చి పోగుచేసిన రాళ్లు అవి. గూడియం గుహల గోడల్లో కూడా ఇవే రాళ్లు పొదిగి కనిపిస్తాయి. ఈ రాయిని పగలగొట్టి అంచు తీసి ఆదిమమానవుడు గొడ్డలి చేసుకున్నాడు. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భశాస్త్రవేత్త ఇక్కడికి దగ్గర్లోని అత్తిరాంపాక్కంలో ఆ పనిముట్లు కనిపెట్టాడు. పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం అక్కడ ఏళ్ల తరబడి తవ్వి, అడుగుపొరల్లో దొరికిన గొడ్డళ్ల వయసు సుమారు 15 లక్షల ఏళ్లని 2011లో ప్రకటించింది. ఆ పై పొరల్లో మరింత సన్నని పనితనం దాదాపు 3,85,000 ఏళ్ల నాటికే మొదలైందని 2018లో చెప్పింది. మన దేశంలో మనుషులు ఎప్పట్నుంచి ఉన్నారనే లెక్కనే ఈ ఊరు మార్చేసింది. నేను తొక్కుతున్న గులకరాయి, ఆ గొడ్డలి రాయి ఒకటే జాతి. దాని మీద చక్రం ఎగిరినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది, ఈ మాట రాయడానికి నాకేమీ మొహమాటం లేదు. గూడియం ఊరు దాటాక రిజర్వు అడవి. గుహలకు నడిచిపోవాలి, సైకిలు ఊళ్లో ఎవరింటి ముందైనా పెట్టుకోనిస్తారు. నేల మీద రాయి ఒక్కటి కూడా జేబులో వేసుకోకూడదు. పూండిలోనే ప్రభుత్వ పురావస్తు ప్రదర్శనశాల ఉంది, చూడాల్సినవి అక్కడ ఉన్నాయి.

ఇక పులికాట్. మా పెద్దవాళ్లు ప్రళయకావేరి అనే సరస్సు. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. చాలాభాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో. ఈ సరస్సులోని తిప్పల మీద బతికిన తెలుగువాళ్ల జీవితాన్ని స.వెం. రమేశ్ 'ప్రళయ కావేరి కథలు'గా రాశారు. ఆ పుస్తకం చదివి ఈ నీళ్ల అంచున తిరగడం వేరు, చదవకుండా తిరగడం వేరు.

బట్టల దుకాణం మనిషికి ఈ సరస్సు ఇంకొక కారణంగా కూడా ముఖ్యం. డచ్చివాళ్లు 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టింది ఈ తీరంలో నేసిన బట్ట కోసం. ఇంగ్లీషువాళ్లు సరస్సు ఉత్తరపు కొసన దుర్గరాజపట్నంలో 1626లో కొట్టు పెట్టింది బట్ట కోసమే. అక్కడ మంచి సరుకు చౌకగా దొరక్క ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెతుక్కుంటూ వచ్చి, 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసు చోటు సంపాదించాడు. ఆ బట్టను ఉతికి, తెల్లగా చేసి, ఎండబెట్టే కంపెనీ పనివాళ్ల పేటే మా వాషర్‌మెన్‌పేట్. ఇవాళ్టికీ మా దుకాణానికి వెంకటగిరి చీరలు వస్తాయి. తెలుగుగంగ కాలవా వెంకటగిరి వైపునుంచే వస్తుంది. మాకు బట్టా నీళ్లూ ఒకే దిక్కునుంచి వస్తున్నాయి.

పులికాట్ ఊళ్లో డచ్చి సమాధులు, వాటి వాకిట చెక్కిన అస్థిపంజరాల బొమ్మలు చూడొచ్చు. సైకిలుకు మంచి చోటు పొన్నేరి నుంచి పులికాట్ వచ్చే చేలగట్లు, సరస్సు పడమటి ఒడ్డు పల్లెల మధ్య మట్టిదారులు, సర్వితోటల ఇసుక బాటలు, బకింగ్‌హాం కాలవ పాత గట్లు. ఈ కాలవ 1806లో బేసిల్ కోక్రేన్ మద్రాసు నుంచి ఎన్నూరుకు తవ్వించడంతో మొదలై, 1877-78 కరువులో కూలికోసం వచ్చిన జనం చేతుల మీదుగా పెరిగి, పెదగంజాం నుంచి మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు అయింది. పడవల మీద ఉప్పు, బియ్యం, కట్టెలు మద్రాసుకు ఇదే దారిన వచ్చేవి. ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది. ఇసుకలో 45 మిల్లీమీటర్ల టైరైనా కూరుకుపోతుంది. దిగి నడిపించుకుంటూ పోవాలి, నేనూ అంతే.

సూళ్లూరుపేటలో దిగితే సరస్సు మధ్యగా శ్రీహరికోటకు పోయే రోడ్డు ఉంది. అది తారురోడ్డే, కానీ రెండు పక్కలా నీళ్లు, చలికాలంలో వేల రాజహంసలు. దీవి లోపలికి అంతరిక్ష కేంద్రం షార్ అనుమతి ఉన్నవాళ్లకే ప్రవేశం. అటకానితిప్ప దాకా పోయి తిరిగి రావాలి. దొరవారిసత్రం స్టేషన్లో దిగితే నేలపట్టు అతి దగ్గర. నీళ్లలో నిలబడ్డ కడపచెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలు చేస్తాయి. వాటి రెట్ట కలిసిన చెరువునీళ్లు పొలానికి ఎరువని ఊరివాళ్ల నమ్మకం, అందుకే ఆ పక్షుల జోలికి ఎవరినీ పోనివ్వరు. ఎండాకాలంలో సరస్సు ఉత్తరభాగం ఆరిపోయి, ఎటు చూసినా తెల్లటి బయలు. దాని మీద సైకిలు తొక్కాలని ఎవరికైనా మనసవుతుంది. తొక్కకండి. పైపొర గట్టిగా ఉన్నా కింద బురద, చక్రం దిగితే తీయడానికి ఇద్దరు కావాలి. అంతకన్నా ముఖ్యం, అది పక్షుల అభయారణ్యం.

మా దారుల్లో చెకుముకిరాళ్లు లేవు, ముళ్లున్నాయి. సర్కారుతుమ్మ ముల్లు ఎంత మందపు టైరునైనా దాటుతుంది. గట్టు శుభ్రం చేసి కొట్టేసిన కంప దారి మీదే పడి ఉంటుంది. ట్యూబు లేని టైరు, లోపల చిల్లుల్ని పూడ్చే ద్రవం ఈ ప్రాంతానికి తప్పనిసరి. ఆ ద్రవం మన ఎండకు త్వరగా గడ్డకడుతుంది, కొన్ని నెలలకోసారి మళ్లీ పోసుకోవాలి. అయినా విడి ట్యూబొకటి, పంపొకటి సంచిలో ఉండాలి. ఊళ్లల్లో పంచరు అంగళ్లకు కొదవ లేదు కానీ మన సన్నటి వాల్వుకు వాళ్ల పంపు పట్టదు. చిన్న అడాప్టరు దగ్గరుంచుకోండి. నీళ్లు మూడు లీటర్లకు తక్కువ వద్దు. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. ఈశాన్య రుతుపవనాల వానలకు ఎర్రగ్రావెల్ ఒకపూటలో ఆరుతుంది, నల్లరేగడి మాత్రం చక్రానికి చుట్టుకుని ముందుకు కదలనివ్వదు. తుపాను వచ్చిపోయాక గట్లు కోసుకుపోతాయి, 2023 డిసెంబరులో మిచౌంగ్ తర్వాత చాలా దారులు అలాగే తెగిపోయాయి. ఒంటరి ఆడవాళ్లు అడిగే ప్రశ్నకు నా జవాబు ఇది: ఊళ్లకు దగ్గరగా ఉండే దారి ఎంచుకోండి, ఏ దారిన పోతున్నారో టీ అంగడిలో చెప్పి కదలండి, పొద్దు వాలకముందే స్టేషన్ చేరండి. ఆ పల్లెల్లో నాకు ఎదురైంది ఎక్కువగా మజ్జిగచెంబులూ తేగలూ.

కండలేరు నుంచి పూండి దాకా మొత్తం కాలవ ఒకేసారి తొక్కాలనుకునేవాళ్లకు రెండురోజులు సరిపోతాయి. మొదటిరోజు కండలేరు నుంచి వెంకటగిరి మీదుగా శ్రీకాళహస్తి, రాత్రి అక్కడ. రెండోరోజు సత్యవేడు, ఊత్తుకోట, పూండి. ఈ దారిని ఎవరూ తారుగా మార్చొద్దని నా కోరిక. తారు పడితే ఇసుకలారీలు వస్తాయి, కాలవకే చేటు. రెండు రాష్ట్రాల నీటిపారుదల శాఖలు కలిసి చేయగల పనులు మూడున్నాయి. సైకిళ్లకూ నడిచేవాళ్లకూ ఒకే అనుమతి చీటీ, పడితే ఎక్కిరావడానికి కిలోమీటరుకొక చోట వాలుమీద ఇనపమెట్లు, లష్కరు గుడిసెల దగ్గర ఒక చేతిపంపు. ఈ కోరికలు కాగితం మీద రాసి, గట్టు ఊళ్లల్లో కొందరి సంతకాలతో సత్యవేడు కార్యాలయంలో ఇచ్చాను. ఊత్తుకోట కార్యాలయానికి తమిళంలో రాసిన ప్రతి సిద్ధంగా ఉంది, వచ్చే మంగళవారం తీసుకుపోతాను.